రోగి సంచిలో రెండవ పుస్తకం



ఈసారి ధ్యానం మొదలుపెట్టే ముందు మేము ఒక తప్పు ఒప్పుకోవాలి. చాలాకాలంగా మా గుండెలో ఉన్నదే. తోటి సేవకులకు ఉపయోగపడుతుందని ఇప్పుడు రాస్తున్నాము.

మా సంఘంలో ఒక అమ్మాయి ఉంది. టైడాకు పైన, ఘాట్ రోడ్డు దిగి కాలినడకన వెళ్లవలసిన ఊరు ఆమెది. అప్పటికి పద్దెనిమిదేళ్లు. చిన్నప్పటి నుండి సికిల్‌సెల్ వ్యాధి. చలికాలం వచ్చిందంటే కాళ్లు, నడుము, రొమ్ము ఎముకలు పిండేసినట్టు నొప్పి. పెద్దాసుపత్రి డాక్టరుగారు రోజూ వేసుకోమని మాత్రలు రాశారు. వాటితో కొన్ని నెలలు బాగానే ఉంది. ఒక ఉపవాస ప్రార్థనలో లేచి, "మూడు నెలలనుంచి నాకు నొప్పి రాలేదు, దేవునికి స్తోత్రం" అని సాక్ష్యమిచ్చింది. మేము చప్పట్లు కొట్టించాము. ఆ సంతోషంలో, సభల్లో ఉచితంగా పంచగా మా దగ్గరున్న ఒక సాక్ష్యాల పుస్తకం ఆమె చేతిలో పెట్టాము. అందులో ఒకాయన తన మాత్రలన్నీ ఏటిలో పారేసి విశ్వాసంతో నిలబడ్డానని రాసుకున్నాడు. ఆమె ఆ పుస్తకం నాలుగుసార్లు చదివింది. మాత్రలు మానేసింది. మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు.

సంక్రాంతికి ముందు, మంచు దట్టంగా పడుతున్న రోజుల్లో, తెల్లవారుజామున గెడ్డకు నీళ్లకు వెళ్లి వచ్చి పడిపోయింది. డోలీ కట్టి రోడ్డుకు దింపాము. అక్కడి నుండి 108. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. రక్తం ఎక్కించారు. దేవుని కృపవలన బ్రతికింది.

ఐదో రోజున మేము మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసి లేవబోతుంటే ఆమె మెల్లగా అడిగింది: "అయ్యగారూ, మీరిచ్చిన పుస్తకంలో ఆ మాత్ర ఎందుకు వేసుకోవాలో ఎందుకు రాయలేదు?"

మా దగ్గర జవాబు లేదు. సెమినరీలో మేము హెబ్రీ అక్షరాలు దిద్దాము, ప్రసంగం మూడు భాగాలుగా ఎలా కట్టాలో నేర్చుకున్నాము. కానీ జీవితాంతం పోని రోగంతో మా ముందు బల్లమీద కూర్చునే మనిషికి ఏ పుస్తకం ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో మాకెవరూ నేర్పలేదు. మేమూ నేర్చుకోవాలనుకోలేదు.

ఆమెకు నొప్పి రాకపోవడానికి ఒక కారణం ఆ మాత్రే. మాత్ర పనిచేస్తున్నందువల్లే మాత్ర అక్కరలేదని అనుకుంది. మేము దేవునికి స్తోత్రం చెప్పాము గాని, ఆ స్తోత్రంలో మాత్రను కూడా కలిపి చెప్పి ఉంటే ఆ డోలీ కట్టవలసి వచ్చేది కాదేమో.

అందుకే ఈ రోజు మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాము. దీర్ఘకాల రోగంతో బ్రతికే ప్రతి విశ్వాసి సంచిలో రెండు పుస్తకాలు ఉండాలి. మొదటిది పరిశుద్ధ గ్రంథం. రెండవది తన రోగం గురించి, దానితో రోజూ ఎలా బ్రతకాలో చెప్పే చిన్న పుస్తకం. చదవలేనివారికి ఆ రెండవది కూడా చదివి వినిపించడం సంఘం పని.

ఎందుకంటే లెక్క చూడండి. ఏడాదికి 8,760 గంటలు. నెలకోసారి డాక్టరుగారి దగ్గరికి వెళ్లి పది నిమిషాలు మాట్లాడినా ఏడాది మొత్తం మీద రెండు గంటలు. మిగిలిన 8,758 గంటలు ఆ రోగికి నర్సు ఎవరు? తానే. అతని ఇల్లే వార్డు. మన కొండల్లో అయితే ఆ రెండు గంటలకు కూడా రైలో, బస్సో, కాలినడకో ఉంటుంది. ఇంత పని ఒక మనిషి నెత్తిన పెట్టి, ఆ పని ఎలా చేయాలో చెప్పకపోవడం న్యాయమా?

మన ప్రాంతానికి సికిల్‌సెల్ కొత్త కాదు. అమెరికాలోని చికాగోలో జేమ్స్ హెరిక్ అనే వైద్యుడు 1910లో ఈ కొడవలి ఆకారపు రక్తకణాల గురించి మొదట రాశారు. మన దేశంలో 1952లో నీలగిరి కొండజాతుల మధ్య దీన్ని గుర్తించారు. 2023 జూలై 1న కేంద్రప్రభుత్వం మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించింది. నలభై ఏళ్లలోపు వారు ఏడు కోట్లమందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి దీన్ని నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. మంచిదే. అయితే పరీక్ష చేసి కార్డు చేతిలో పెట్టిన తరువాత, ఆ కార్డులో ఏముందో ఇంట్లో ఎవరు విప్పి చెబుతారు?

ఆ అమ్మాయి ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఒక నర్సమ్మ మాకు చెప్పిన మాటలు మేము ఒక కాగితం మీద రాసుకున్నాము. ఎర్ర రక్తకణం మామూలుగా గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. ఈ వ్యాధిలో అది కొడవలిలా వంగి గట్టిపడుతుంది. సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఇరుక్కున్నచోట నొప్పి. చలి, నీళ్లు తాగకపోవడం, ఒళ్లు అలిసేలా బరువు మోయడం, జ్వరం, ఇవి ఆ నొప్పిని పిలుస్తాయి. హైడ్రాక్సీయూరియా మాత్ర పసిబిడ్డల రక్తంలో ఉండే రకం హిమోగ్లోబిన్‌ను పెంచి, కణాలు వంగకుండా కాపాడుతుంది. వేసుకున్నంత కాలమే పనిచేస్తుంది. మధ్య మధ్య రక్తపరీక్ష చేయించుకోవాలి. పెళ్లి తరువాత బిడ్డ కావాలనుకుంటే ముందే డాక్టరుగారికి చెప్పాలి. డాక్టరు చెప్పకుండా రక్తం పట్టడానికని ఐరన్ మాత్రలు అదేపనిగా మింగకూడదు. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఈ లక్షణం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

మొత్తం ఒక పేజీ. కొడవలి అంటే ఏమిటో మన కొండల్లో తెలియనివారు లేరు. ఈ పేజీ ఆ అమ్మాయి తల్లికి పద్దెనిమిదేళ్లలో ఒక్కసారైనా చదివి వినిపించినవారు లేరు. బిడ్డకు ఎవరో చేతబడి చేశారని దిసారి దగ్గరకు తిరిగింది. తరువాత మా దగ్గరకు వచ్చింది. మేమూ ఆమెకు ఈ పేజీ చదవలేదు.

ప్రియులారా, రోగులకు మనం ఇచ్చే పుస్తకాల్లో రెండు రకాలు ప్రమాదకరమైనవని ఇప్పుడు మాకు అర్థమైంది.

మొదటిది, ఆశ చూపించి మందు మాన్పించే పుస్తకం. "నలభై రోజుల్లో సుగరు మాయం" అని బస్టాండుల్లో అమ్మే పుస్తకాలు ఈ జాతివే. మాత్రలు పారేయడమే విశ్వాసమని చెప్పే సాక్ష్యాలూ ఈ జాతివే. ఒకటి లోకసంబంధమైనది, ఒకటి ఆత్మసంబంధమైనది అని మనం వేరుచేస్తాము గాని, రోగి ఇంట్లో రెండూ చేసే పని ఒక్కటే.

రెండవది, నింద మోపే పుస్తకం. నీ ఆలోచన మార్చుకుంటే రోగం పోతుంది, పోలేదంటే నీ ఆలోచనలోనే లోపం ఉంది అంటుంది. మన భాషలో అయితే, నీ విశ్వాసం చాలలేదు, ఇంట్లో ఏదో పాపం దాగి ఉంది అంటుంది. ఇది యోబు స్నేహితుల పుస్తకం. ఎలీఫజు, బిల్దదు, జోఫరు ఏడు రోజులు నేలమీద మౌనంగా అతనితో కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదే. తరువాత నోరు తెరచి చెడగొట్టారు. చివరికి దేవుడు కోపగించింది ఎవరిమీద? రోగిమీద కాదు, బోధించినవారి మీద (యోబు 42:7). పుట్టుగుడ్డివానిని చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగినప్పుడు, వాడూ కాదు, వాని కన్నవారూ కాదు అని ప్రభువు తేల్చి చెప్పాడు (యోహాను 9:1-3). ప్రభువు కొట్టివేసిన ప్రశ్నను మనం మళ్లీ అచ్చువేసి పంచకూడదు.

మందు వేసుకోవడం అవిశ్వాసమా అని అడిగేవారికి వాక్యమే జవాబు. హిజ్కియా కన్నీటి ప్రార్థనను దేవుడు విన్నాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండుమీద కట్టమన్నాడు (యెషయా 38:21). ప్రార్థన, కట్టు రెండూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. పౌలు చేతిగుడ్డలు తాకి రోగులు బాగుపడ్డారు. అదే పౌలు తిమోతికి తరచుగా వచ్చే జబ్బుకు కడుపు విషయమై ఇంటి సలహా రాశాడు (1 తిమోతి 5:23). త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచివచ్చాడు (2 తిమోతి 4:20). తన శరీరంలోని ముల్లు పోవాలని మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు, కృప వచ్చింది (2 కొరింథీ 12:7-9). ఆ ముల్లుతోనే నడిచాడు, డేరాలు కుట్టాడు, ఉత్తరాలు రాశాడు. ఆయన పక్కన ప్రయాణించినవాడు లూకా, ప్రియమైన వైద్యుడు (కొలొస్సయి 4:14).

దేవుడు స్వస్థపరుస్తాడని మేము నమ్ముతున్నాము, ఇకముందూ ప్రార్థిస్తాము. కానీ స్వస్థత ఇవ్వకుండా కృప ఇచ్చిన రోజుల కోసం కూడా మన దగ్గర ఏదో ఒక పుస్తకం ఉండాలి. ఆ రోజులే ఎక్కువ.

మంచి పుస్తకాలు లేవా? ఉన్నాయి. డేవిడ్ వెర్నర్ అనే ఆయన డాక్టరు కాదు, జీవశాస్త్రం చెప్పే బడిపంతులు. మెక్సికో దేశంలో సియెర్రా మాడ్రే కొండల పల్లెల్లో, మన కొండల్లాంటి చోటే, ఏళ్లతరబడి ఉండి జనానికి అర్థమయ్యే బొమ్మలతో వైద్య పుస్తకం రాశాడు. ముందు స్పానిష్‌లో, తరువాత 1977లో ఇంగ్లీషులో వచ్చింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వారు దాన్ని "వైద్యుడు లేని చోట" అనే పేరుతో తెలుగులోకి తెచ్చారు. ఆయనకే చిన్నప్పటి నుండి కండరాలు క్షీణించే జబ్బు ఉంది. అంటే రోగం తెలిసినవాడు రోగులకోసం రాశాడు.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్ అనే ఆమె, సహోద్యోగులతో కలిసి, దీర్ఘకాల రోగులకు ఒక పుస్తకమూ, దానితోపాటు ఆరు వారాల తరగతీ తయారుచేశారు. వారానికి రెండున్నర గంటలు. నడిపేవారిలోనూ దీర్ఘకాల రోగంతో బ్రతికేవారే ఉంటారు. అందులోని ఒక చిన్న పద్ధతి మాకు బాగా నచ్చింది. ఈ వారం ఏమి చేస్తావు, ఎంత చేస్తావు, ఎప్పుడు చేస్తావు, ఎన్ని రోజులు చేస్తావు? చెప్పినది చేయగలనన్న నమ్మకం పదికి ఎంత? ఏడు కంటే తక్కువ చెబితే, నిన్ను తిట్టరు, పనిని చిన్నది చేస్తారు. ఇంగ్లాండులో 2013 నుండి ఆరోగ్య సిబ్బంది రోగికి ఒక పుస్తకం సూచిస్తే, గ్రంథాలయంలో తీసుకుని చదువుకునే ఏర్పాటు ఉంది. 2017లో దాన్ని దీర్ఘకాల వ్యాధులకూ విస్తరించారు.

దూరదేశాల మాట వదిలినా, మన కొండల అంచున సాలూరులో ఫిలదెల్ఫియా లెప్రసీ ఆసుపత్రి ఉంది. కుష్ఠురోగులకు సేవచేసినవారు ఎప్పటినుండో నేర్పుతున్న పాఠం ఒకటుంది. స్పర్శ లేని పాదాన్ని రోజూ కంటితో చూసుకో, నీళ్లలో నానబెట్టు, నూనె రాయి, పుండు పడకముందే పట్టుకో. మాకు సుగరు వచ్చి తొమ్మిదేళ్లయింది. కొండ ఊళ్లకు నడిచి వచ్చాక రాత్రి దీపం దగ్గర అరికాళ్లు చూసుకోవడం మేము నేర్చుకున్నది ఆ పాఠం నుండే. ప్రభువు శిష్యుల పాదాలు కడిగాడు. మన పాదాలు మనం చూసుకోవడానికి సిగ్గెందుకు?

ఇక్కడ మీరు అడుగుతారు: "అయ్యగారూ, మన జనానికి చదువే సరిగా రాదు, పుస్తకమేం చేస్తుంది?" నిజమే. మా సంఘంలో సగంమంది చదవలేరు. కొందరికి ఇంట్లో కువి, కొందరికి ఆదివాసీ ఒడియా. పుస్తకపు తెలుగు వాళ్లకు పై ఊరి భాష. అయితే అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయం చూడండి. ఐతియొపీయుడు రథం మీద పైకి చదువుతున్నాడు, అందుకే ఫిలిప్పుకు వినబడింది. చదువుతున్నది అర్థమవుతోందా అని ఫిలిప్పు అడిగాడు. ఒకరు తోడుంటే తప్ప ఎలా అవుతుందని ఆయన జవాబు. ఫిలిప్పు రథమెక్కి పక్కన కూర్చున్నాడు. చదవడమంటే మొదటినుండీ ఇద్దరి పని. పౌలు పత్రికలు కూడా సంఘంలో పైకి చదివినవే. మనకు ఈ అలవాటు ఎప్పటినుండో ఉంది. దాన్ని రోగి దగ్గరకు తీసుకువెళ్లడమే మిగిలింది.

ఏడాదిన్నర నుండి మేము నెలలో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, చోడి అంబలి తాగి ఒక గంట కూర్చుంటున్నాము. సికిల్‌సెల్, బీపీ, సుగరు, మూర్ఛ, పాత పక్షవాతం ఉన్నవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు. ఒక పేజీ మాత్రమే చదువుతాము. ఏఎన్‌ఎమ్ చెల్లికి ముందే చూపిస్తాము, తప్పులుంటే ఆమె దిద్దుతుంది. చదివాక ఒక్కొక్కరు ఈ వారం చేసే ఒక్క పని చెబుతారు. ఒక తాత, "ఉదయం గెడ్డకు వెళ్లేముందు చెంబు నీళ్లు తాగుతాను" అన్నాడు. ఒక పెద్దమ్మ, "ఉప్పుచేప వారానికి ఒకసారే" అంది. పదికి ఎంత పెద్దమ్మా అంటే "నాలుగు" అని నవ్వింది. సరే, రెండుసార్లు చేద్దామన్నాము. ఎనిమిదికి వచ్చింది.

ఆ పేజీ ఇప్పుడు చదువుతున్నది ఎవరనుకున్నారు? ఆ అమ్మాయే. తెలుగులో చదివి, ఆపి, వెనుక వరుసలోని వాళ్లకు తన భాషలో చెబుతుంది. మాత్ర రోజూ వేసుకుంటోంది. నొప్పి పూర్తిగా పోలేదు. గత చలికాలం ఒకసారి వచ్చింది. కానీ ఈసారి మొదటి రోజే గుర్తుపట్టి, నీళ్లు తాగి, ఒళ్లు వెచ్చగా కప్పుకుని, తగ్గకపోయేసరికి తానే ఫోను చేయించి ఆసుపత్రికి వెళ్లింది. రెండు రోజుల్లో ఇంటికి వచ్చింది. ఆమె ఇప్పుడిచ్చే సాక్ష్యం చిన్నది. చప్పట్లు కొట్టించేది కాదు. మాకు మాత్రం మొదటిదానికంటే ఇదే విలువైనది.

హద్దులు కూడా చెప్పాలి. పుస్తకం డాక్టరు కాదు. సికిల్‌సెల్ ఉన్నవారికి జ్వరం వచ్చినా, రొమ్ములో నొప్పి, ఆయాసం వచ్చినా, ఒక పక్క చెయ్యి కాలు లాగినా, మాట తడబడినా, పుస్తకం మూసి బయలుదేరాలి. ప్రార్థన దారిలో చేద్దాము. అలాగే, పుస్తకం రోడ్డు వేయదు. "నీ ఆరోగ్యం నీ చేతిలోనే" అనే మాటను రోగికి అప్పగించి పాలకులు చేతులు దులుపుకోకూడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్‌సెల్ కూడా చేరింది. రాష్ట్రంలో ఈ రోగులకు పింఛను ఉంది. ఇవి కూడా మన పేజీలో ఉండాలి, ఎందుకంటే తెలియని హక్కు లేనిదానితో సమానం.

తోటి సేవకులారా, ఏ పుస్తకమైనా, కరపత్రమైనా రోగి చేతిలో పెట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది మందు మానమంటోందా? రోగిని నిందిస్తోందా? రేపు ఉదయం చేయగల ఒక్క పనైనా చెబుతోందా? ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలో చెబుతోందా? మొదటి రెంటికి కాదని, చివరి రెంటికి అవునని జవాబు వస్తేనే ఇవ్వండి. లేకపోతే ఎంత గొప్ప దైవజనుడు రాసినా ఇవ్వకండి. మేము అడగలేదు. ఒక బిడ్డ తొమ్మిది రోజులు దాని వెల కట్టింది.

ఇంకో మాట. సాక్ష్యమిచ్చి కూర్చున్న ప్రతి రోగినీ ఆరాధన తరువాత పక్కకు పిలిచి మెల్లగా అడగండి: "అమ్మా, మాత్రలు వేసుకుంటున్నావా?" ఆ ప్రశ్న విశ్వాసాన్ని తగ్గించదు. కాపరి గొర్రెను లెక్కపెట్టినట్టే అది.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, దీర్ఘకాలం నొప్పితో బ్రతికే నీ బిడ్డలను జ్ఞాపకం చేసుకో. స్వస్థపరచగల నీవు స్వస్థపరచు. ముల్లు ఉంచిన చోట నీ కృప ఉంచు. వారికి అర్థమయ్యే మాట చెప్పే జ్ఞానం, పక్కన కూర్చునే ఓపిక, మా తప్పు ఒప్పుకునే మనసు మాకు దయచేయి. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.